కొడుకు ఇంట్లో టోర్నడో షెల్టర్‌కి మీ ఎస్‌సీఎస్‌ఎస్ తీయాలా?

కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి రాశారు: "మా అబ్బాయి ఓక్లహోమా సిటీ శివార్లలో ఇల్లు కొన్నాడు. బేస్‌మెంట్ లేదు. ఏప్రిల్, మే వచ్చిందంటే టోర్నడోల టెన్షన్. పెరట్లో పెద్ద అండర్‌గ్రౌండ్ షెల్టర్‌కి 9,500 డాలర్లు అడుగుతున్నారు. ఇల్లు కొని వాడి చేతిలో ఏమీ మిగల్లేదు. ఏడాదిన్నర కింద సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ (ఎస్‌సీఎస్‌ఎస్)లో వేసిన 15 లక్షలు తీసి పంపనా? ఆమధ్య ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో చెట్లన్నీ కూలినట్టు ఇక్కడా గాలులు వస్తున్నాయి. మన ఇంటికి కూడా ఏమైనా కట్టించుకోవాలా?"

నమస్తే సార్. షెల్టర్ పెట్టించాల్సిందే, కానీ మీ 15 లక్షలు కదిలించొద్దు.

మీ భయంలో అతి ఏమీ లేదు. ఓక్లహోమా సిటీ పక్కనే ఉన్న మూర్ ఊరిని 2013 మే 20న ఈఎఫ్5 (తీవ్రతలో అన్నిటికంటే పై స్థాయి) టోర్నడో తుడిచిపెట్టింది, 24 మంది చనిపోయారు. అక్కడి బంకమట్టి నేలలో బేస్‌మెంట్ కట్టడం ఖర్చుతో కూడిన పని కాబట్టి చాలా ఇళ్లు నేరుగా కాంక్రీట్ శ్లాబ్ మీదే లేస్తాయి. అందుకే విడిగా షెల్టర్ పెట్టించుకుంటారు.

మరి 9,500 డాలర్లదే ఎందుకు? పెరట్లో పాతే పెద్ద షెల్టర్ పది మందికి సరిపోవచ్చు, మీవాళ్లింట్లో ఉండేది ఎంతమంది? అక్కడి నిబంధనల ప్రకారం ఇంటి షెల్టర్‌లో మనిషికి 3 చదరపు అడుగులు చాలు, ఎందుకంటే లోపల ఉండేది కాసేపే. గ్యారేజీ నేలను కోసి స్టీల్ పెట్టె దించి, పైన జారే మూత బిగించే రకం మామూలుగా 3,000 నుంచి 6,000 డాలర్లలో అయిపోతుంది. పైన కారు పార్క్ చేసుకోవచ్చు, వానలో తడుస్తూ పెరట్లోకి పరిగెత్తే పనీ ఉండదు.

ఇది పెట్టించే ముందు అబ్బాయి గ్యారేజీ నేల మీద పోస్ట్ టెన్షన్ అని ముద్ర ఉందేమో చూడాలి. ఉందంటే కాంక్రీట్ లోపల బిగించి లాగిన స్టీల్ కేబుళ్లు ఉన్నట్టు. వాటిని కోస్తే మనిషికీ ప్రమాదమే, శ్లాబూ దెబ్బతింటుంది. అలాగే ఇల్లు వరద ముప్పు ప్రాంతంలో ఉంటే పాతే రకం జోలికే పోవద్దు. మట్టి నానిందంటే, సంపులో ఖాళీ డ్రమ్ము లేచినట్టు, సరిగా యాంకర్ చేయని పెట్టె పైకి లేస్తుంది. తవ్వకానికి ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెట్టి వెళ్తారు.

ఇంకో దారి, నేల మీదే బోల్టులతో బిగించే స్టీల్ గది. భూమి లోపలే భద్రం అనుకుంటాం కానీ, ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) ప్రమాణాల ప్రకారం కట్టిన గది నేల పైన ఉన్నా అంతే కాపాడుతుంది. గంటకు 250 మైళ్ల గాలిని తట్టుకునేలా డిజైన్ చేస్తారు. గంటకు 100 మైళ్ల వేగంతో కట్టె దుంగను గోడకూ తలుపుకూ కొట్టి పరీక్షిస్తారు. మీరూ మేడమ్ గారూ అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉంటారు కదా. మోకాళ్ల నొప్పులతో నిటారు మెట్లు దిగడం కన్నా ఇదే నయం అని నా ఉద్దేశం. ఏది కొన్నా ఐసీసీ 500 అనే తుఫాను షెల్టర్ల ప్రమాణానికి పరీక్ష చేసిన రిపోర్టు అడగమనండి. ధర తగ్గింది కదా అని పరీక్ష కాగితం లేనిది మాత్రం వద్దు.

ఓక్లహోమాలో సూనర్‌సేఫ్ అనే ప్రభుత్వ రిబేటు పథకం ఉంది. నిధులు ఉన్నప్పుడు లాటరీలా ఎంపిక చేసి, ఒక పరిమితికి లోబడి ఖర్చులో 75 శాతం వరకు తిరిగి ఇస్తారు. ఎంపిక కాకముందే పెట్టించుకున్నవాళ్లకు రాదు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందే పేరు నమోదు చేసుకోవాలి. అలాగని లాటరీని నమ్ముకుని రెండు సీజన్లు కాచుకు కూర్చోవద్దు.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. ఎస్‌సీఎస్‌ఎస్‌లో అవసరమైనంతే తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండలేదు కాబట్టి ఒకటిన్నర శాతం కోత, అంటే 22,500 రూపాయలు. డాలరు 90 అనుకుంటే అబ్బాయికి పంపేది 8,55,000. మిగిలిన 6,22,500 మళ్లీ అదే 8.2 శాతానికి వేసినా, మూడు నెలలకు ఇప్పుడు వచ్చే 30,750 కాస్తా 12,750 దగ్గరికి పడిపోతుంది. పెన్షన్ ఉంది కదా అంటారేమో. ఆస్పత్రి బిల్లు వచ్చిన రోజు ఆ తేడా తెలుస్తుంది.

అబ్బాయి సంపాదన డాలర్లలో. నాలుగైదు వేల డాలర్ల షెల్టర్‌ని క్రెడిట్ యూనియన్ (అక్కడి సహకార బ్యాంకు లాంటిది) లోన్‌తో ఏడాది, రెండేళ్లలో తీర్చేయగలడు. మీరు ఏదో ఒకటి ఇవ్వకపోతే మనసు ఊరుకోదంటే, రాబోయే రెండు క్వార్టర్ల వడ్డీ పంపండి, అసలు ముట్టొద్దు. విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద బ్యాంకు నుంచే పంపొచ్చు. ఏడాదికి 10 లక్షల లోపు అయితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. కొడుక్కి ఇచ్చే గిఫ్ట్ మీద ఇక్కడ పన్నూ లేదు. హవాలా లాంటి అడ్డదారులు ఎవరైనా చెప్తే వినొద్దు.

మీ ఇంటి విషయానికొస్తే, నేలమాళిగ ఆలోచన మానేయండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి దగ్గర వేల చెట్లు పడిపోయిన మాట నిజమే. అయినా మన వరంగల్ వైపు ఏటా మీద పడేవి వరద నీళ్లు, పిడుగులు, వేసవిలో రేకులు లేపుకుపోయే గాలి దుమారం. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు కింది అంతస్తులవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో మీరు చూసే ఉంటారు. అలాంటి చోట గుంత తవ్వి అందులో దాక్కుంటామా?

దానికి బదులు భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. ఏ సాధారణ బీమా కంపెనీలోనైనా దొరుకుతుంది. తుఫాను, వరద, పిడుగు అన్నీ అందులోనే వస్తాయి, సామాన్లకూ కొంత కవర్ ఉంటుంది. బీమా మొత్తం రాసేటప్పుడు స్థలం ధర కలపొద్దు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే రాయించండి. ఇంటి వెనక రేకుల షెడ్డు ఏమైనా ఉంటే దాని సంగతి ప్రపోజల్ ఫారంలోనే చెప్పండి, క్లెయిమ్ రోజున పేచీ ఉండదు.