ఆక్సిజన్ ఛాంబర్ సిట్టింగులకు అడ్వాన్సు కట్టే ముందు

మీ బాబుకు నాలుగేళ్ళని, ఆరు నెలల క్రితం ఆటిజం అని నిర్ధారించారని, ఒక కేంద్రం వారు, మూసిన ఛాంబర్‌లో గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పించే 40 హైపర్‌బారిక్ ఆక్సిజన్ సిట్టింగులు చెప్పి ఈ నెల 20 లోగా అడ్వాన్సు కట్టమన్నారని, మీ మరిది గారేమో పొలం అమ్మయినా స్టెమ్ సెల్ చికిత్స చేయిద్దామంటున్నారని రాశారు. వద్దంటే బిడ్డకు అన్యాయం చేసినదాన్ని అవుతానా అని అడిగారు. కారండీ. ముందుగా ఆ మాట చెప్పి, మా ఇంట్లో జరిగినది రాస్తాను.

మా అబ్బాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. మూడున్నరేళ్ళ వయసులో ఆటిజం అని తెలిసింది. అంతకు ముందే మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాకించింది, బంధువులు ప్రతి పుష్యమి నాడూ స్వర్ణప్రాశన వేయించమన్నారు, వాళ్ళ తాతకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని ధైర్యం చెప్పినవారూ ఉన్నారు. వారందరూ మా మేలు కోరినవారే. చివరికి మేము కూడా హైదరాబాదులోని ఒక కేంద్రంలో మీకు చెప్పినట్టే 40 సిట్టింగులకు డబ్బు కట్టాము. లక్షా ఇరవై వేలయింది, అందులో సగం నా భార్య గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినది. ఖమ్మం నుండి వచ్చి రెండు నెలలు గది అద్దెకు తీసుకున్నాము. లోపల ఒత్తిడి పెరిగే మొదటి నిమిషాలలో వాడు చెవులు పట్టుకుని ఏడ్చేవాడు. కొత్త చోటు కనుక అలా చేస్తున్నాడని అక్కడి సిబ్బంది చెప్పారు. అది చెవిపోటు అని చెవి, ముక్కు, గొంతు వైద్యుడు చూసి చెప్పేవరకు మాకు తెలియలేదు. నొప్పి అని చెప్పుకోలేని బిడ్డ అని తెలిసి కూడా వాడి ఏడుపును మేము పట్టించుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇరవై మూడో సిట్టింగు రోజున వాడు నీళ్ళ సీసా చూపించి "నీ" అన్నాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశాము, ఛాంబర్ పని చేసిందని మరో రెండు కుటుంబాలకు నేనే చెప్పి అక్కడికి పంపాను. ఏడాది తరువాత ఫోనులోని పాత వీడియోలను తేదీల వారీగా సర్దుతుంటే ఒకటి కనబడింది. సిట్టింగులు మొదలు కావడానికి ఐదు వారాల ముందే, ఖమ్మంలోని మా ఇంట్లోనే, వాడు మా అమ్మ చేయి పట్టుకుని బిందె దగ్గరకు లాక్కెళ్ళి "న్నీ" అంటున్నాడు. అప్పుడు మేము దానిని మాటగా లెక్కపెట్టలేదు. డబ్బు కట్టిన తరువాతనే వాడి నోటి నుండి వచ్చే ప్రతి శబ్దాన్నీ చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాము.

ఇది మా ఒక్కరికే జరిగినది కాదు. 1998లో అమెరికాలో సీక్రెటిన్ అనే జీర్ణ హార్మోను ఇచ్చాక ముగ్గురు పిల్లలలో మార్పు కనిపించిందన్న నివేదిక రావడంతో, ఎందరో తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో కొందరికి ఆ మందును, కొందరికి ఉప్పునీటిని సూదితో ఎక్కించి, ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు తెలియకుండా ఉంచారు. ఉప్పునీరు ఎక్కించిన పిల్లలు కూడా మందు ఎక్కించిన పిల్లలతో సమానంగానే మెరుగైనట్టు కనిపించారు. ఫలితం చెప్పిన తరువాత కూడా ఎక్కువ మంది తల్లిదండ్రులు ఆ మందుపై ఆసక్తి వదులుకోలేదు. వారి మనసు నాకు బాగా అర్థమవుతుంది. ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఎదుగుతారు, కానీ ఆ ఎదుగుదల ఒక వరుసలో రాదు, నెలల తరబడి ఆగి ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆ సమయానికి ఏ చికిత్స నడుస్తూ ఉంటే ఘనత దానికి దక్కుతుంది.

ఆక్సిజన్ ఛాంబర్ బూటకమేమీ కాదు. లోతు నీళ్ళలో ఈది వచ్చినవారికి కలిగే ఒత్తిడి సమస్యకు, కార్బన్ మోనాక్సైడ్ విషానికి, మానని కొన్ని మధుమేహ పుండ్లకు దానిని వాడతారు. ఆటిజం విషయంలో మాత్రం, అది ప్రధాన లక్షణాలను మెరుగుపరుస్తుందనడానికి ఆధారం లేదని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష తేల్చింది. చెవికి ఒత్తిడి గాయాలు కావడాన్ని కూడా అందులోనే పేర్కొన్నారు. నిప్పు ప్రమాదం కూడా ఉంది. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఛాంబర్‌లో మంటలు రేగి ఐదేళ్ళ బాబు చనిపోయాడు.

స్టెమ్ సెల్ కోసం పొలం అమ్మవద్దని మీ మరిది గారికి గట్టిగా చెప్పండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి తప్ప మిగిలినవన్నీ పరిశోధన దశలోనివే. పరిశోధన అయితే పాల్గొనేవారి నుండి రుసుము వసూలు చేయకూడదు. లక్షలు అడుగుతున్నారంటే మీ మరిది గారికి ఆ ఒక్కటే చాలినంత జవాబు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 180 మంది పిల్లలకు బొడ్డుతాడు రక్తంతో జరిపిన పరీక్ష కూడా, 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆశించిన ప్రధాన మార్పును చూపలేదు. ఒంట్లోని లోహాలను కడిగేస్తామని చెప్పే కీలేషన్ జోలికి అసలు పోవద్దు. 2005లో పెన్సిల్వేనియాలో అలా మందు ఎక్కించిన ఐదేళ్ళ బాబు రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగి మరణించాడు.

మాకు పనికివచ్చినది చెప్పుకోవడానికి చాలా చిన్న విషయం. భారత పునరావాస మండలిలో నమోదైన స్పీచ్ థెరపిస్టు ఒకరు నా భార్యను లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు: సీసా మూత బిగించి చేతికివ్వడం, వాడు మన వైపు చూసేవరకు పది లెక్కపెడుతూ ఆగడం, వాడు చూస్తున్న వస్తువు పేరునే మనం పలకడం. అన్నం తినిపించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు రోజంతా అదే సాధన. ఈ తరహా పద్ధతిని గోవాలోను, రావల్పిండిలోను 65 మంది పిల్లల తల్లిదండ్రులకు మామూలు ఆరోగ్య కార్యకర్తల ద్వారా నేర్పించి చూస్తే, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అది ఆటిజాన్ని పోగొట్టదు. మా వాడు ఇప్పటికీ చిన్న వాక్యాలలోనే మాట్లాడతాడు, కానీ కడుపు నొప్పి అని చెప్పగలుగుతున్నాడు.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం గలవారి జాతీయ సంస్థకు (NIEPID) ఒకసారి తీసుకువెళ్ళండి. వికలాంగ ధ్రువపత్రం వచ్చాక నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాకు దరఖాస్తు చేయండి, లక్ష రూపాయల వరకు వర్తించే ఆ బీమాలో థెరపీ ఖర్చుకు కూడా కొంత భాగం ఉంది. ఇక 20వ తేదీ సంగతి. ఆ రోజు డబ్బు కట్టకండి. తరువాత కడితే ధర పెరుగుతుందని అంటారు, మాకూ అన్నారు. ఈ నాలుగు వారాలు మీ బాబు రోజూ అన్నం తినే సమయంలో ఐదు నిమిషాల వీడియో తీసి తేదీతో దాచండి. నెల తరువాత మొదటి దానిని, చివరి దానిని మీ ఆయన, మీరు పక్కపక్కన కూర్చుని చూడండి, మీ మరిది గారిని కూడా పిలవండి.