ఆర్‌ఎన్‌ఏ తీసే ముందు, శైలూ

చి. శైలజకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ప్లిమత్ చలి కాస్త అలవాటైందని మీ అమ్మ చెప్పింది. ఎమిలియానియా హక్స్‌లీ మీద పని చేస్తున్నావంటే నాకు అసూయగా ఉంది. 1999 జులైలో మీ తీరానికి దగ్గర్లోనే సముద్రం పాలు ఒలికినట్టు తెల్లబడితే ఉపగ్రహం ఫోటో తీసింది. ఆ తెలుపంతా ఈ సూక్ష్మ శైవలానికి పెంకులా ఉండే సున్నపు బిళ్ళలదే.

నీ ప్లాన్ చదివాను. మామూలు నీళ్ళలో కొన్ని, కాల్షియం తగ్గించిన నీళ్ళలో కొన్ని పెంచి, ఏ జన్యువు ఎంత పని చేస్తోందో ఆర్‌ఎన్‌ఏలో చూసి, తేడా కనిపించిన జన్యువులన్నిటినీ పెంకు జన్యువులు అంటానన్నావు. అలా అనకు.

సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు దాదాపు 400 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీమోలార్. కణద్రవంలో ఉండేది అందులో సుమారు లక్షో వంతు. అంత తక్కువ కాబట్టే కాస్త పెరిగినా కణానికి అదొక కబురు. లోపల అంత పొదుపు చేస్తూనే, బిళ్ళ తయారయ్యే చిన్న సంచిలోకి మాత్రం కాల్షియాన్ని ఆపకుండా పంపాలి. బయట కాల్షియం తీసేస్తే పెంకు పని ఆగుతుంది, కబుర్లూ మారతాయి. ఏ జన్యువు దేనికి కదిలిందో నీ పోలికలో తేలదు.

అందుకని ఏకస్థితిక కణాలను, అంటే ఇదే జీవిలో క్రోమోజోముల సెట్టు ఒక్కటే ఉండేవాటిని, కూడా తెప్పించుకో. అవి ఎన్ని కాల్షియం నీళ్ళు పోసినా బిళ్ళలు కట్టవు. వాటినీ అదే రెండు నీళ్ళలో పెంచు. అక్కడ కూడా మారిన జన్యువుల్ని పెంకు ఖాతాలోంచి తీసెయ్. మిగిలినవే చూడదగ్గవి. అవి కూడా అనుమానితులే, దోషులు కాదు. జీపీఏ అనే ప్రోటీన్ సంగతి చూడు. బిళ్ళల దగ్గర దొరికిన, కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్ కదా, పెంకు కట్టేటప్పుడు దాని జన్యువు ఎక్కువ పని చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో పెంకు కట్టే కణాల్లోనే అది తగ్గింది. కాల్షియాన్ని పొర దాటించే ప్రోటీన్ జన్యువు సీఏఎక్స్3 మాత్రం అనుకున్నట్టే పెరిగింది.

ఇక నీళ్ళు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. పెంకులు పోతాయని మూడు వారాలు చూశాను, పోలేదు. లెక్క వేస్తే సిగ్గేసింది. 100 మిల్లీలీటర్ల "కాల్షియం లేని" నీళ్ళలో 10 మిల్లీలీటర్ల పాత కల్చర్, అంటే మామూలు సముద్రపు నీళ్ళలో పెరిగిన కణాలను ఆ నీళ్ళతో సహా, పోశాను. దాంతోనే 0.9 మిల్లీమోలార్ వచ్చేసింది! పైగా పాత బిళ్ళలు కరిగి ఇంకొంచెం కలిపి ఉంటాయి. కణాలను కాల్షియం లేని నీళ్ళతో కడిగి, తక్కువ పోసి, రెండు మూడు సార్లు మార్చు. 0.1 మిల్లీమోలార్ దగ్గర బిళ్ళలు దాదాపు ఆగిపోతాయి, పెరుగుదల మాత్రం పెద్దగా పడిపోదు. ఈ జీవిలో నాకు నచ్చేది అదే, నగ్నంగానైనా హాయిగా బతుకుతుంది. తగ్గించిన కాల్షియం ఉప్పుకు బదులు కాస్త సోడియం క్లోరైడ్ కలపడం మరిచిపోకు. ఈ పెంచే నీళ్ళను ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో వేడి చెయ్యకు, కాల్షియం తెల్లగా అడుగుకు దిగిపోతుంది. ఫిల్టర్ చెయ్.

తర్వాత నగ్న కణాలకు కాల్షియం తిరిగి ఇచ్చి 0, 2, 6, 24 గంటలకు శాంపిల్ తీస్తే, ఒక్కసారి తీసినదానికంటే చాలా చెబుతుంది. పక్కనే కాల్షియం ఇవ్వని ఫ్లాస్క్ ఒకటి ఉంచి, అదే వేళల్లో దాన్నుంచీ తియ్యి. బిళ్ళలు ఎక్కువగా వెలుతురులోనే తయారవుతాయి, కణాలు చీకట్లో విభజన చెందుతాయి. ఆ జత లేకపోతే పగలూ రాత్రీ తేడానే నీకు కాల్షియం తేడాగా కనిపిస్తుంది.

మైక్రోస్కోప్‌కి పంపేటప్పుడు మామూలు ఫార్మలిన్ వాడకు. అది ఆమ్లం, బిళ్ళల్ని తినేస్తుంది. ధ్రువిత కాంతిలో బిళ్ళలు మెరుస్తాయి. ముందు అది చూసుకుని, తర్వాతే ఆర్‌ఎన్‌ఏకి వెళ్ళు.

కడిగే వరస ఎలా పెట్టుకున్నావో రాసి పంపు, ఆదివారం ఫోన్‌లో చూద్దాం.

మీ పెద్దమ్మ