చిన్న షెడ్లలో పనివాళ్ల ఆరోగ్యం చూడటం: అదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఎనిమిది మంది పనిచేస్తారు. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఈ మధ్య నా చెవుల్లో గుయ్‌మని మోత వస్తోందంటే ఏవేవో చదవడం మొదలెట్టింది. ఇప్పుడు చిన్న వర్క్‌షాపుల్లో పనివాళ్ల ఆరోగ్యం చూసే పనే చేస్తానంటోంది. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, దాంతోపాటు నెబోష్ చేయిస్తే గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి. ఆడపిల్ల షెడ్ల వెంట తిరిగితే రేపు సంబంధాలు ఎలా వస్తాయోనన్న బెంగ కూడా ఉంది.

జవాబు: కోర్సు పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. పైకి అడిగేది ఏ కోర్సు మేలని. లోపలి గుబులు మాత్రం, నలుగురిలో చెప్పుకోవడానికి పేరున్న ఉద్యోగమేనా అని. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పేరుంది. డాక్టర్ల వైపు నుంచి దాన్ని ఆక్యుపేషనల్ హెల్త్ అంటారు, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ వైపు నుంచి వస్తే ఇండస్ట్రియల్ హైజీన్ అంటారు. పరవాడ ఫార్మా సిటీలోనో స్టీల్ ప్లాంటులోనో అయితే దానికి గది, కుర్చీ, జీతం అన్నీ ఉంటాయి. ఆటోనగర్‌లో పని ఉంది, కుర్చీ లేదు. మీ అమ్మాయి ఎంచుకున్నది ఆ కుర్చీ లేని చోటు. తప్పేం లేదు, కాకపోతే దారి కాస్త చుట్టు.

కుర్చీ ఎందుకు లేదో లెక్క చూస్తే తెలుస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది ఉంటేనే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పనిచోటి భద్రత, ఆరోగ్యాల కొత్త కోడ్ ఆ గీతను ఇరవైకి జరిపింది. సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టుకోవాలన్న నిబంధన పాత చట్టంలో వెయ్యి మందికి ఉండేది, ఇప్పుడు 500 మందికి, ప్రమాదకరమైన ప్రక్రియలున్న చోట 250 మందికి వచ్చింది. మీ ఎనిమిది మంది ఇందులో ఏ గీతనీ తాకరు. ఈఎస్ఐ కూడా పదిమంది ఉన్న చోటే, అదీ నెల జీతం 21,000 దాటనివాళ్లకే. ఇక్కడొక మెలిక ఉంది. ఈఎస్ఐ లేదని మీరు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పని వల్లే చెవుడు వచ్చిందని మీ గ్రైండర్ కుర్రాడి విషయంలో తేలితే, పరిహారం ఇవ్వాల్సింది మీరే, మీ జేబులోంచే.

ఇక ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మాట. నెబోష్ అంటే పనిచోటి భద్రత మీద బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. చెడ్డదేమీ కాదు. పుస్తకం చూసి రాసే పరీక్ష ఒకటి, పనిచోట ప్రమాదాలను అంచనా వేసి సమర్పించే నివేదిక ఒకటి ఉంటాయి. శ్రద్ధగా చదివితే ఆలోచించే పద్ధతి వస్తుంది. చిక్కల్లా దాన్ని అమ్మే తీరులో ఉంది. అది అనుభవం ఉన్నవాడి చేతిలో పనిచేసే కాగితం. పదేళ్లు సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేసినవాడు తీసుకుంటే గల్ఫ్‌లో తలుపు తెరుచుకోవచ్చు. ఒక్కరోజు కూడా షాప్ ఫ్లోర్ తొక్కని పిల్ల చేతిలో అదే కాగితానికి అంత బరువుండదు. మన దేశంలో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే అది సరిపోదు. ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ ఉన్నవాళ్లను మామూలుగా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో ఐదేళ్ల అనుభవం అడుగుతారు. దానిపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి. పనివాళ్లలో ఎక్కువమంది మాట్లాడే భాష కూడా బాగా వచ్చి ఉండాలి. గాజువాకలో తెలుగుతోపాటు ఒడియా, హిందీ కూడా వచ్చినవాళ్లకు ఎంత విలువో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి ఒక్కటే అడగండి: మీ ఆరు నెలల డిప్లొమాతో సేఫ్టీ ఆఫీసర్‌గా నియమించవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఏది? ఆ కాగితం చూపిస్తే కూర్చుని మాట్లాడండి. గోడమీద హెల్మెట్ పెట్టుకున్న కుర్రాళ్ల ఫొటోలు, గల్ఫ్ వీసాలు చూపిస్తే మజ్జిగ తాగి వచ్చేయండి. నమ్మకమైన ఏడాది డిప్లొమా కేంద్ర కార్మిక శాఖ కిందున్న సంస్థల్లో ఉంది. ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, మనకు దగ్గర్లో చెన్నైలో రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ చేరడానికి ఏ అర్హత, ఎంత అనుభవం అడుగుతున్నారో ఆ ఏడు వచ్చే ప్రకటన చూసుకోండి. మరొకటి గుర్తుంచుకోండి. ఫైర్ అండ్ సేఫ్టీ ప్రధానంగా అగ్గి, పడిపోవడం, కరెంటు షాకుల గురించి నేర్పుతుంది. అవన్నీ ఒక్క క్షణంలో జరిగేవి. మీ అమ్మాయి అడుగుతున్నది ఇరవై ఏళ్లలో నెమ్మదిగా జరిగేదాని గురించి. రెండూ చుట్టాలే, ఒకటి కావు.

కెమిస్ట్రీ పిల్లకు నేను చెప్పే మొదటి మెట్టు కోర్సు కాదు, ల్యాబ్. ఫార్మా యూనిట్లకు, రేవు చుట్టుపక్కల కంపెనీలకు గాలి, నీరు పరీక్షించే ల్యాబులు విశాఖ చుట్టూ ఉన్నాయి. ఎన్ఏబీఎల్ గుర్తింపు (ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉన్నదాంట్లో ఫీల్డ్ శాంప్లింగ్ పనిలో చేరమనండి. ఎక్కువ ల్యాబులు చేసేది పొగగొట్టం, బయటిగాలి కొలతలే. పనివాడి ముక్కు దగ్గర గాలిని కొలవడం వేరే విద్య, ఎవరు చేస్తున్నారో అడిగి అక్కడ చేరాలి. రాతిధూళి కొలవాలంటే చొక్కా కాలర్‌కు, ముక్కుకు ఒక అడుగులోపు, పెద్ద రేణువుల్ని వేరుచేసే సైక్లోన్ అనే చిన్న పరికరంతో ఫిల్టర్ తగిలిస్తారు, నడుముకు పంపు కడతారు. నైలాన్ సైక్లోన్ అయితే నిమిషానికి 1.7 లీటర్ల గాలి లాగాలి, ఎనిమిది గంటల షిఫ్టుకు 816 లీటర్లు. ఫిల్టర్‌ను తేమ తీసి ముందూ వెనకా తూచి తేడా చూస్తారు. వినడానికి ఇంతే. చెడేది ఎక్కడంటే, ఉదయం సరిచేసిన పంపు మధ్యాహ్నానికి మందగిస్తుంది, సాయంత్రం మళ్లీ కొలవకపోతే లెక్కంతా తప్పు. బరువుగా ఉందని పనివాడు పంపును మేకుకు తగిలించి పోతాడు, అప్పుడు కొలిచింది గోడ పీల్చిన గాలి. వాడని ఖాళీ ఫిల్టర్‌ను కూడా జతగా పంపకపోతే, వచ్చిన బరువు ధూళిదో చెమ్మదో చెప్పలేం. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ చదివిన పిల్లకు ఇది ఒంటబడుతుంది. బీటెక్ సేఫ్టీ వాళ్లకన్నా ఆమెకు ఇక్కడ మొగ్గు ఉంది.

రోగనిర్ధారణ, సర్టిఫికెట్ మీద సంతకం ఆమె పనికావు. అవి డాక్టర్లవి, అదీ ఎంబీబీఎస్ తర్వాత పనివాళ్ల ఆరోగ్యం మీద ఉండే మూడు నెలల ఏఎఫ్ఐహెచ్ కోర్సు చేసినవాళ్లయితే మేలు. ఆమె అలాంటి డాక్టరుకు కళ్లూ చెవులూ అవుతుంది.

మరి చిన్న షెడ్లలో ఆ పని ఎలా ఉంటుంది? బీపీ, షుగరు చూసి అరటిపండు చేతిలో పెట్టి పంపే ఆరోగ్య శిబిరం లాంటిది మాత్రం కాదు. ఆ శిబిరాలతో నాకు పేచీ ఉంది. పనికీ రోగానికీ ఉన్న ముడి అక్కడ ఎవరూ అడగరు. మీ అమ్మాయి అడగాల్సినవి నాలుగు: ఏ డబ్బా వాడుతున్నావు, రోజుకి ఎన్ని గంటలు, ఆదివారం బాధ తగ్గుతుందా, చేతులు దేనితో కడుక్కుని ఎక్కడ తింటావు. మూడోదానికి వచ్చే జవాబే సగం రోగం చెబుతుంది. జింకు పూత ఉన్న జీఐ పైపులు వెల్డింగ్ చేసిన సాయంత్రం చలిజ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంటే, అది మలేరియా కాకుండా జింకు పొగ కావచ్చు. సెలవు తర్వాత సోమవారం అది ఎక్కువగా కొడుతుంది. కార్లకు రెండు డబ్బాలు కలిపి వేసే పెయింటులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. అది ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత చిటికెడు సోకినా ఆయాసమే. మొహానికి కట్టిన చేతిరుమాలు దాన్ని ఆపదు. బ్యాటరీ షాపుల్లో సీసం చేతులతో తిండిలోకి, బట్టలతో ఇంట్లో పిల్లల దాకా పోతుంది. చేతులు పెట్రోలుతో, థిన్నరుతో కడిగే అలవాటు ఆటోనగర్ అంతటా ఉన్నదే.

వీటిలో చాలావాటికి మందు చవకే. వెల్డరు వెనకనుంచి ఫ్యాను పెడితే గాలి ఒంటిని చుట్టి పొగను మొహం ముందుకే లాగుతుంది, పక్కకి జరిపితే చాలు. రాయి, సిమెంటు కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. పాలు, బెల్లం ఊపిరితిత్తుల్ని కడిగేస్తాయన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. తిన్నది పొట్టలోకి, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ రెండూ వేరే దారులు. బెల్లం పెట్టే యజమాని మంచివాడే, కానీ బెల్లం ఇచ్చాం కదా అని నీళ్ల గొట్టం బిగించడు. నష్టం అక్కడ. రాతిధూళితో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఒకసారి వస్తే వెనక్కి పోదు, దానిమీద టీబీ ఎక్కే ప్రమాదం కూడా ఎక్కువ.

పెద్ద కంపెనీలో లేని ఒక చిక్కు చిన్న షెడ్డులో ఉంది, దాని గురించి కోర్సుల్లో పెద్దగా చెప్పరు. పరీక్ష ఫలితం పనివాడి సొంతం, యజమానికి మొత్తం లెక్క మాత్రమే ఇవ్వాలి అన్నది ఈ పనిలో నీతి. వెయ్యి మంది ఉన్నచోట అది నడుస్తుంది. ఎనిమిది మందిలో 'ఒకరికి వినికిడి తగ్గింది' అని రాస్తే ఆ ఒకరెవరో టీ తాగేలోపు తెలిసిపోతుంది, నెల తిరక్కుండా ఆ కుర్రాడిని మాన్పిస్తారు. ఆ కబురు పాకితే మిగిలిన షెడ్లలో ఎవరూ నిజం చెప్పరు. అందుకే ఒకే రకం పనిచేసే ఐదారు షెడ్ల లెక్క కలిపి ఇవ్వాలి. నివేదికలో ఎవరికి ఏముంది అన్నది రాయకుండా ఏ యంత్రం దగ్గర ఏం మార్చాలో రాయాలి. ఈ నేర్పు వచ్చినవాళ్లే ఇక్కడ నిలబడతారు.

డబ్బు సంగతి దాచను. ఒక్క షెడ్డు ఆమెకు జీతం ఇవ్వలేదు. ఇరవై, పాతిక షెడ్లు కలిసి, ఒక్కొక్కదానికి నెలకు రెండు గంటలు అనుకుంటే నెలకు నలభై, యాభై గంటల పని. అలా కూడగట్టడానికి మీ షెడ్ల యజమానుల సంఘం లాంటిదొకటి ముందుకు రావాలి. అది జరగడానికి మూడు నాలుగేళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా ల్యాబ్ ఉద్యోగం వదలకూడదు. వినికిడి కొలిచే ఆడియోమీటర్లూ అవీ ముందే కొనేయకూడదు. ఆటోనగర్‌లో నిశ్శబ్దమైన గది దొరకదు, పక్క షెడ్డు సుత్తి మోతలో తీసిన వినికిడి పరీక్ష చెల్లదు. పైగా యంత్రం సరిగ్గా కొలుస్తోందో చూసే కాలిబ్రేషన్ ఖర్చు ఏటా ఉంటుంది. కొలత, ప్రశ్నలు ఆమె చూసుకుని, పరీక్షలు ఆసుపత్రికి పంపితే సరిపోతుంది. ఇదంతా కుదరకపోయినా ఆమె చెయ్యి ఖాళీగా ఉండదు. ల్యాబ్ తర్వాత ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో ఐదేళ్ల అనుభవం, ఆపైన ఏడాది డిప్లొమా ఉంటే అచ్యుతాపురం, పరవాడ యూనిట్లు ఇలాంటివాళ్లనే వెతుక్కుంటాయి. అందుకే భయపడకండి అంటున్నాను.

సంబంధాల మాటకు వస్తాను. కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. రొయ్యల ప్లాంట్లలో వలిచేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రోజంతా ఐసు నీళ్లలో చేతులు, వేళ్ల సందులు నాని గోరుచుట్టు, కొందరికి రొయ్య పొట్టు నీటి తుంపరలతో ఆయాసం. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రంలో మంట. ఈ చివరిది మగ సేఫ్టీ ఆఫీసర్‌తో ఏ అమ్మ చెబుతుంది? ఆడపిల్ల అన్న కారణంతో మీరు వద్దంటున్న పనిలో ఆమె ఆడపిల్ల కావడమే పెద్ద అర్హత. మీ షెడ్డుకి ఎనిమిది ఇళ్ల కుర్రాళ్లు రోజూ వస్తారు, వాళ్ల అమ్మానాన్నలకు లేని భయం మీకు మీ షెడ్డు గుమ్మంలోనే ఎందుకొచ్చింది? అది ఆడపిల్లకు సురక్షితం కాని చోటైతే ఆ ఎనిమిది మందికీ సురక్షితం కాదు.

రెండింటినీ పోల్చమన్నారు, నేను ఒకవైపే ఎక్కువ చెప్పాను. గల్ఫ్ దారి ఆమెకు ఐదేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటుంది, అప్పుడు నెబోష్ రాసినా ఆలస్యం కాదు. ఈలోపు మీరు చేయాల్సింది ఒకటుంది. కటింగ్ వీల్, గ్రైండర్ దగ్గర మోత వంద డెసిబెల్స్ దాటడం మామూలే. మన నిబంధనల్లో 90 దగ్గర ఎనిమిది గంటలు, 95 దగ్గర నాలుగు, వంద దగ్గర రెండు గంటలే హద్దు. చెవిలో దూది దానిమీద పెద్దగా పనిచేయదు. ఫోమ్ ప్లగ్గులు తెప్పించండి. శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయట వేలాడితే పెట్టుకోనట్టే. మీకెలా పెట్టాలో అమ్మాయిని చూపించమనండి, తర్వాత మిగతావాళ్లకు.

మీ చెవుల పరీక్షకు కనీసం పద్నాలుగు గంటలు మోతకు దూరంగా ఉండాలి. ఆదివారం షెడ్డు మూసే ఉంటుంది కదా, సోమవారం పొద్దున్నే, తాళం తీయకముందే, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లి ఆడియోమెట్రీ చేయించుకోండి. గ్రాఫులో నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంట పడిందేమో చూడమని డాక్టరుని అడగండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి.