అమెరికాలో వయసు మళ్లినవాళ్లు పడిపోవడానికీ జాతికీ సంబంధం ఉందా?

లెక్కల్లో తేడా ఉన్నమాట నిజమే. 2014లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చేసిన ఫోన్ సర్వేలో, 65 ఏళ్లు నిండినవాళ్లలో 28.7 శాతం మంది అంతకుముందు పన్నెండు నెలల్లో ఒక్కసారైనా పడ్డామన్నారు. అమెరికా మూలవాసుల్లో అది అందరికంటే ఎక్కువ, దాదాపు 34 శాతం. నల్లజాతివాళ్లు, ఆసియావాళ్లు తెల్లవాళ్లకంటే తక్కువే.

అయితే దీన్ని పుట్టుకకు అంటగట్టలేం. ఇంట్లో తోడు ఉండటం, షుగరు, చూపు, నిద్రమాత్రలు, మెట్లు, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. పైగా పడటం వేరు, ఎముక విరగటం వేరు. నల్లజాతివాళ్లలో ఎముక సాంద్రత సగటున ఎక్కువ, తుంటి విరగటం తక్కువ. ఆసియావాళ్లలో సాంద్రత తక్కువైనా తెల్లవాళ్లంతగా తుంటి విరగదు. తక్కువగా పడటం అందుకు ఒక కారణం.

నాకు అనుమానమల్లా ఆ 'ఆసియా' అంకె మీదే. చైనా, ఫిలిప్పీన్స్, మనవాళ్లు అందరూ ఒకే గంపలో. సర్వే ఇంగ్లిష్, స్పానిష్‌లలోనే. డల్లాస్‌లో కొడుకింట్లో ఉండే అమ్మ ఆ ఫోనెత్తదు. ఎత్తినా, అర్ధరాత్రి బాత్రూమ్ గడప దగ్గర చతికిలబడిన సంగతి చెప్పదు. “పడ్డావా అమ్మా?” అంటే “లేదురా, కాస్త కాలు జారిందంతే” అంటుంది. అందుకే “కాలు జారిందా, తూలావా, గోడ పట్టుకున్నావా?” అని విడివిడిగా అడగండి.