నల్లమలలో వేసవి మంటలు: పొయ్యి ఆర్పామనుకుని వచ్చేశాం

మీరు అడిగింది రెండు సంగతులు: ఏప్రిల్‌లో పిల్లలతో కారులో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తే అడవి మంటల్లో చిక్కుకుంటామా, దారిలో మంట కనబడితే ఏం చేయాలి అని. మాది అచ్చంపేట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక రెండు వేసవులు అటవీశాఖలో ఫైర్ వాచర్‌గా, అంటే అడవి మంటలు కనిపెట్టి ఆర్పే మనిషిగా, దినకూలీకి పనిచేశాను. అక్కడ చూసింది చెప్తాను.

చిక్కుకుంటామేమో అని టెన్షన్ పడకండి. టీవీలో కాలిఫోర్నియా మంటలు చూసి ఇక్కడా చెట్ల తలలు అంటుకుంటాయనుకుంటారు గానీ నల్లమలలో మంట నేల మీద పాకుతుంది. వేసవి ముదిరేకొద్దీ చిరుమాను, నల్లమద్ది, తునికి ఆకు రాలుస్తాయి. అడుగేస్తే పాదం మునుగుతుంది. మంట ఆ ఆకునూ ఎండిన బోదగడ్డినీ తింటూ పోతుంది. చాలాచోట్ల మోకాలెత్తు కూడా లేవదు. వెదురు పొద తగిలితే మాత్రం కణుపులు టపాకాయల్లా పేలతాయి, మొదటిసారి విన్నప్పుడు ఎవరో తుపాకీ కాల్చారనుకున్నాను. గుట్ట ఎక్కేటప్పుడూ వేగం పెరుగుతుంది. మంట కింద ఉంటే మీరు ఏటవాలు పైన నిలబడకూడదు.

పెద్ద చెట్లకు మసి అంటుతుంది, చాలావరకు బతుకుతాయి. పోయేవి మొలకలు, నేల మీది పిట్టల గుడ్లు, తాబేళ్లు. మంట ముందు లేచే పురుగుల కోసం పసులపోలిగాడు పిట్టలు గుంపుగా చేరతాయి, అవొక్కటే ఆ రోజు సంతోషంగా ఉంటాయి. ఏటా కాలే చోట ముసలి చెట్టు పడిపోతే దాని జాగాలోకి రావడానికి పిల్లచెట్టు ఉండదు. గడ్డి వస్తుంది. గడ్డి మళ్లీ ఇంకా బాగా కాలుతుంది.

నిప్పు ఎలా పుడుతుందంటే, నేను వెళ్లిన ప్రతి మంటా మనిషి చేతి నుంచి వచ్చిందే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, తునికాకు చిగురు బాగా రావాలని అంటించేవాళ్లు, కొత్త గడ్డి కోసం కాపర్లు, ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క. చెంచుల మీదికి తోసేయడం మాత్రం నాకు నచ్చదు. మా బ్యాచ్‌లో మంటను కొట్టి ఆర్పడానికి పచ్చికొమ్మ పట్టుకుని ముందు నడిచినవాళ్లలో సగం మంది వాళ్లే.

నేనూ ఒకసారి ఆ జాబితాలో చేరాను. వాచర్‌గా చేరకముందు చైత్ర పౌర్ణమికి నల్లమల లోపలి సలేశ్వరం జాతరకు పోతూ వాగు పక్కన మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకున్నాం. రెండు బిందెల నీళ్లు పోసి, పైన మట్టి కప్పి, బాగా ఆర్పామనుకుని వెళ్లిపోయాం. పొయ్యికి జానెడు దూరంలో పడిపోయిన మొద్దు ఒకటుంది. దాన్ని ఎవరం చూడలేదు. మర్నాడు అదే దారిన తిరిగొస్తే మొద్దు లోపలంతా ఎర్రగా కణకణలాడుతోంది, చుట్టూ రెండెకరాలు నల్లబడింది. ఒక పెద్దాయన అప్పటికే కొమ్మతో కొడుతున్నాడు. మమ్మల్ని తిట్టలేదు, కొమ్మలు విరిచి తలా ఒకటి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.

మట్టి మోసం చేస్తుందని అప్పుడే తెలిసింది. దాని కింద నిప్పు రోజంతా బతుకుతుంది. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెట్టి చూసి, వేడి లేదంటేనే కదలాలి.

ఇంకో సంగతి. వేసవి ముదరకముందే రోడ్డు పక్కన అటవీ సిబ్బంది గడ్డి కోసి, వాళ్లే కాలుస్తుంటారు. అది ఫైర్ లైన్. మంట అక్కడికొచ్చి తినడానికేమీ దొరక్క ఆగిపోవాలని. దాన్ని ఫొటో తీసి ‘అడవిని తగలబెడుతున్నారు’ అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లను ఏటా చూస్తున్నాం. నన్నడిగితే మంటలు ఆర్పడం కన్నా ఈ గీత శుభ్రంగా ఉంచడమే అసలు పని. మన్ననూరు వైపు అడవి, అంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఒక్కటే 2,600 చదరపు కిలోమీటర్లకు పైన. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఉపగ్రహ హెచ్చరిక ఫోన్‌కు వస్తుంది. కానీ అది చూపేది సుమారు 375 మీటర్ల గడి, అక్కడికి నడిచి చేరేది మనిషే. 2014 మార్చిలో శేషాచలంలో వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు చల్లాయి. అలాంటివి ప్రతి మంటకూ రావు.

మీకు మంట కనబడితే అద్దాలు ఎత్తేసి ముందుకు సాగండి. వీడియో కోసం దిగకండి, పొగలో ఎదురుగా వచ్చే బస్సుకు మీరు కనబడరు. దగ్గరి కిలోమీటరు రాయి నంబరు గుర్తుపెట్టుకోండి, సిగ్నల్ ఉంటే 112కు చెప్పండి, లేకపోతే తర్వాతి చెక్‌పోస్టులో ఆ నంబరు చెప్పండి. ‘ఎక్కడో పొగ కనిపించింది సార్’ అంటే మేం రెండు గంటలు వెతికేవాళ్లం, రాయి నంబరు చెబితే నేరుగా వెళ్లేవాళ్లం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు గేటు వేసేస్తారు, కాబట్టి తెల్లవారుజామున బయల్దేరి ఆరింటికల్లా మన్ననూరు చేరండి. పులిహోర ఇంట్లోనే చేసుకుని తెచ్చుకోండి.