మియుకి మగచేప, యోకిహి ఆడచేప: పిల్లలన్నీ గోధుమ రంగులో ఎందుకు పుట్టాయి?

మెదాకా అంటే జపాన్ వాగుల్లో తిరిగే చిన్న మంచినీటి చేప; ఇళ్లలో పెంచే రంగు రకాలూ ఉన్నాయి. నగోయాలో వాటిలో వీపు మెరిసే నీలి మియుకి రకం మగచేపనూ, ఎర్రటి యోకిహి రకం ఆడచేపనూ కొని జతకట్టించారు, పిల్లలన్నీ వాగుల్లోని మామూలు మెదాకాల్లా గోధుమ రంగులో వచ్చాయి, అమ్మినవారు మోసం చేశారా అని మీ ప్రశ్న. మోసమేమీ లేదు. హిరోషిమాలో మా బాల్కనీ తొట్లలో నేనూ ఇదే జత కట్టించాను. గోధుమ రంగు పిల్లలే వచ్చాయి. ఆ జతకు వేరే రంగు రాదు.

చిక్కంతా పేర్లతోనే. జపాన్‌లో మెదాకా సీసాల మీద కనిపించే మాటలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని జన్యువును చెబుతాయి, కొన్ని మెరుపు స్థాయిని చెబుతాయి, కొన్ని కేవలం అమ్మకానికి పెట్టిన ముద్దుపేర్లు. యోకిహి మూడో రకం. చైనా తాంగ్ చక్రవర్తి మనసు దోచిన యాంగ్ గుయిఫెయి పేరును జపనీయులు పలికే తీరు అది. జన్యువుల లెక్కలో మాత్రం ఆమె ఎంతో కాలం నుంచి పెంచుతున్న నారింజ రంగు హిమెదాకాకు మేలైన వారసురాలు, అంతే.

నల్లటి మెలనిన్‌ను నింపే జన్యువును పెద్ద బి అంటారు. పసుపు రంగు కణాలకు రంగునిచ్చేది పెద్ద ఆర్. యోకిహిలో మెలనిన్ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నాయి, పసుపు మాత్రం నిండుగా ఉంది. నీలి మియుకిలో దీనికి సరిగ్గా తలకిందులు. పిల్లలకు తండ్రి నుంచి నలుపు, తల్లి నుంచి పసుపు అందుతాయి. రెండూ బహిర్గత లక్షణాలే కాబట్టి రెండూ కలిసి పైకి తేలతాయి. ఆ కలయికే అడవి మెదాకా రంగు.

అసలు మజా రెండో తరంలో ఉంది. ఆర్ జన్యువు లింగ క్రోమోజోముల మీద ఉంటుంది. జపాన్ పరిశోధకుడు ఐదా తత్సువో 1921లో జెనెటిక్స్ పత్రికలో చూపించిన సంగతి ఇదే. మీ గోధుమ పిల్లలను పెంచి వాటిలో వాటికే జత కడితే, పదహారింటికి సగటున తొమ్మిది గోధుమ, మూడు నీలం, మూడు నారింజ, ఒకటి తెలుపు వస్తాయి. అయితే నీలం, తెలుపు చేపలన్నీ మగవే అవుతాయి. నారింజ మూడింటిలో రెండు ఆడవి, ఒకటి మగది. అరుదుగా ఎక్స్, వై క్రోమోజోముల మధ్య మార్పిడి జరిగితే తప్ప ఈ లెక్క తప్పదు. మా తొట్టిలో నీలం చేపలను ఒక్కొక్కటిగా పక్కనుంచి చూశాను. వెన్నురెక్కలో చీలిక, వెడల్పాటి గుదరెక్క, అన్నీ మగవే. జపాన్‌లో ఐదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన గుర్తులివి.

మెరుపు దగ్గర ఇంత తేలికైన లెక్క పనిచేయదు. మియుకి వీపు మీది వెండి గీతను తైగైకో అంటారు. చుక్కలా మొదలై మూతి దాకా పాకితే తెక్కమెన్, అంటే ఇనుప ముసుగు. ఒకే కాన్పులో అన్ని స్థాయిలూ కనిపిస్తాయి కాబట్టి ఇది ఒక్క జన్యువు పని అనిపించదు. అందుకే ప్రతి తరంలోనూ ఏరివేత, అదే సెన్‌బెత్సు. ఏరిన వాటితోనే తరాలు నడపడం రుయిదై. అమ్మకందారులు చెప్పే కోతెయిరిత్సు అంటే తల్లిదండ్రుల్లాంటి పిల్లలు నూటికి ఎన్ని వస్తాయన్న అంచనా. అది అమ్మకందారు సొంత తొట్లలోని లెక్క, పైగా ఆ వంశంలోనే జత కట్టినప్పటి లెక్క. మీరు వేరే వంశంతో కలిపిన క్షణాన ఆ అంకె చెల్లదు.

సీసాల మీద కనిపించే హికారి అనే పేరు మాత్రం నిజంగా జన్యువు పేరే అనుకోవచ్చు. ఒక కదిలే డీఎన్‌ఏ ముక్క వచ్చి చేరడంతో జిక్1, జిక్4 జన్యువులు వీపు భాగంలో సరిగా పనిచేయవు. దాంతో వీపు పొట్టకు నకలుగా తయారవుతుంది. వెన్నురెక్క గుదరెక్క ఆకారంలోకి మారుతుంది, పొట్ట మెరుపు పైకెక్కుతుంది. వెన్నుపూసలు అతుక్కుని పొట్టిగా ఉండే దరుమా వేరు. దాని గుడ్లు వేడి నీటిలో పెరిగితేనే ఆ ఆకారం బాగా వస్తుంది కాబట్టి వేసవి పిల్లలకూ శరత్కాలపు పిల్లలకూ తేడా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక మాట: మెదాకా అడుగు రంగును బట్టి తన రంగు మార్చుకుంటుంది. నల్ల గిన్నెలో తీసిన ఫోటో చూసి యోకిహి ఎరుపును నమ్మకండి, తెల్ల గిన్నెలో చూపించమనండి. ఒరోచి అనే నల్ల రకం మాత్రం తెల్ల గిన్నెలోనూ నల్లగా నిలుస్తుంది.

ఆ గోధుమ పిల్లలు అడవి చేపల్లాగే ఉన్నాయని దగ్గరి కాలువలో వదలకండి. అడవి మెదాకా 1999 నుంచి జపాన్ అంతరించే ముప్పు జాబితాలో ఉంది. మీ చేపల్లో దాగిన జన్యువులు వాటిలో కలిస్తే వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

మెరిసే నారింజ చేప కావాలంటే వాటినే ఉంచుకోండి. 25 డిగ్రీల నీటిలో గుడ్లు పది రోజుల్లో పగులుతాయి. సూదుల్లా ఉండే హరికోలకు, అంటే అప్పుడే పుట్టిన పిల్లలకు, నాచుతో పచ్చబడ్డ నీళ్లు, అంటే అవోమిజు, సిద్ధంగా ఉంచండి. రెండో తరంలో నారింజ చేపలను వేరుచేసి, వీపు మీద చుక్కంత మెరుపున్న వాటిని మాత్రమే జత కట్టండి. నారింజ ఒంటిపై మెరుపు నిలవడం కష్టమే, కొన్ని తరాలు పడుతుంది. ఈలోగా నీలి మగచేపలు మిగిలిపోతే చెప్పండి, నా దగ్గర తొట్టి ఖాళీగా ఉంది.