లైట్ ట్రీట్‌మెంట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నాన్నగారికి బయాప్సీ చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుక పక్క అంచున చిన్న పుండు వచ్చి మూడు నెలలు దాటింది. నొప్పి పెద్దగా లేదు కానీ తగ్గట్లేదు. బి కాంప్లెక్స్ మాత్రలు, పూత జెల్ వాడాం, మెడికల్ షాపులో అడిగి రెండుసార్లు డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) కోర్సు కూడా వేయించాం. డెంటిస్ట్ చూసి ముక్క తీసి టెస్టుకి పంపాలన్నారు, కత్తి తగిలితే ఇంకా పాకుతుందని ఇంట్లో అందరూ భయపడి ఆగిపోయాం. లైట్‌తో క్యాన్సర్‌నీ ఇన్ఫెక్షన్లనీ తగ్గించే మందుల మీద పరిశోధనలు జరుగుతున్నాయని ఈమధ్య చదివాను. అది వచ్చేదాకా ఆగొచ్చా? ఈలోగా ఆన్‌లైన్‌లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు ద్రవం, రెడ్ ఎల్ఈడీ లైట్ తెప్పించి రోజూ పుండు మీద రాసి పది నిమిషాలు లైట్ పెడుతున్నాం, కొన్ని చుక్కలు నీళ్లలో కలిపి తాగిస్తున్నాం కూడా. ఇలా ఎన్ని రోజులు చేయాలి? నాన్నగారు పొగాకు మానేసి చాలా ఏళ్లయింది. బీపీకి, దిగులుకి (ఎస్సిటాలోప్రామ్) మాత్రలు వాడుతున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఎన్ని రోజులు చేయాలి అని అడిగారు. ఈరోజే ఆపేయండమ్మా, పూయడం తాగించడం రెండూ.

మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఎస్సిటాలోప్రామ్ దగ్గరే నేను ముందు ఆగిపోయాను. మిథిలీన్ బ్లూ ఉత్త రంగు కాదు, అది మందు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది, ఎస్సిటాలోప్రామ్ ఏమో అదే సెరటోనిన్‌ని పెంచే మాత్ర. రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే సెరటోనిన్ మోతాదు మించి చెమటలు, వణుకు, గుండె దడ, విరేచనాలు, కంగారు, కండరాలు బిగుసుకోవడం, జ్వరం, ఇలా ప్రాణం మీదకి కూడా రావచ్చు. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2011లోనే డాక్టర్లని హెచ్చరించింది. అప్పుడు బయటపడ్డ కేసులు ఎక్కువగా నరానికి ఇంజెక్షన్ ఇచ్చినప్పటివే, మీరు ఇచ్చింది కొన్ని చుక్కలే కావచ్చు, కానీ ఆ సీసాలో మందు ఎంత గాఢంగా ఉందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ల్యాబుల్లో రంగు వేయడానికీ చేపల తొట్టెల్లో వేయడానికీ అమ్మే సరుకు కూడా ఇదే పేరుతో దొరుకుతుంది, అది మనుషులు తాగేంత శుద్ధంగా ఉంటుందన్న హామీ లేదు. పైగా జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువున్న వాళ్లకి మిథిలీన్ బ్లూ ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది, నాన్నగారికి ఆ లోపం ఉందో లేదో ఎవరూ చూసుండరు. పై లక్షణాల్లో ఏది కనిపించినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెళ్లగానే మిథిలీన్ బ్లూ తాగించాం అని దాచకుండా చెప్పండి. యూరిన్ నీలంగానో ఆకుపచ్చగానో వస్తే మాత్రం అది రంగు వల్ల, దానికి హడావుడి పడక్కర్లేదు.

ఇది చదివి కంగారుపడి ఎస్సిటాలోప్రామ్ ఆపేస్తారేమో, అది చేయొద్దు. ఒక్కసారిగా ఆపితే దాని ఇబ్బందులు దానికున్నాయి. ఆపాల్సింది నీలం సీసాని.

ఇక పుండు. నాలుక పక్క అంచు, 61 ఏళ్లు, పాత పొగాకు అలవాటు, నొప్పి లేకపోవడం, మూడు నెలలు. ఇవన్నీ ఒకచోట చేరితే ఏ డాక్టరూ మందు రాసి పంపేయడు. నోట్లో ఏ పుండైనా రెండు మూడు వారాల్లో మానకపోతే చూపించుకోవాలన్నది మామూలు లెక్క, మీరు దానికి ఎన్నో రెట్లు ఆగారు. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకున్నట్టున్నారు, నోటి క్యాన్సర్ విషయంలో అదే మోసం చేసేది, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. పొగాకు మానేయడం చాలా మంచి పని, ముప్పు తగ్గుతూ వస్తుంది కానీ మానిన రోజునే సున్నా అయిపోదు. ఇది క్యాన్సరే అని నేను అనట్లేదు, చూడకుండా అనకూడదు కూడా, అరిగి కోసుగా తయారైన పన్ను రోజూ గీరుకుంటున్నా నాలుక మీద ఇలాగే పుండు నిలిచిపోతుంది, వేరే కారణాలు కూడా ఉన్నాయి. కాకపోతే ఏదో తేలేది బయాప్సీతోనే, అంటే మీ డెంటిస్ట్ చెప్పిన ముక్క తీసే టెస్టుతోనే. ఫొటో పంపిస్తాను చూడమంటారు చాలామంది, ఫొటోలో రంగు కనిపిస్తుంది గానీ పుండు అంచు మెత్తగా ఉందా గట్టిపడిందా అన్నది గ్లవ్స్ వేసుకుని వేలితో నొక్కి చూస్తేనే తెలుస్తుంది, మెడలో బిళ్లలు తగులుతున్నాయా అన్నది కూడా చేత్తోనే తెలియాలి.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క మాట వల్ల నెలలకి నెలలు పోగొట్టుకుని వచ్చే వాళ్లని చూస్తూనే ఉన్నాను. నోటి బయాప్సీ అంటే ఆ చోట మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, పుండు అంచు నుంచి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీసి, అవసరమైతే ఒక కుట్టు వేసి పంపడం, అంతే. ఎక్కువ మంది అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు. దాని వల్ల క్యాన్సర్ పాకుతుందని భయపడి టెస్టు మానుకోవడానికి వైద్యంలో ఆధారం లేదు. పుండు పాకేది టైమ్ ఇవ్వడం వల్ల. జరిగేది తెలియక ఇంట్లో వాళ్లు ఏం చేస్తారంటే, టెస్టు అయ్యాక కొన్నాళ్లకి రోగం ముదిరింది కదా, టెస్టు వల్లే ముదిరింది అనుకుంటారు. ముదిరే రోగం కాబట్టే కదమ్మా డాక్టర్ టెస్టు చేయమన్నది! మీ డెంటిస్ట్ సరైన మాటే చెప్పారు, ఆయన దగ్గరికే వెళ్లినా సరే, ఈఎన్‌టీ డాక్టర్‌కో నోటి సర్జన్‌కో చూపించినా సరే, ఈ వారంలోనే వెళ్లండి.

మీరు అసలు అడిగింది లైట్ గురించి కాబట్టి అదీ చెప్తాను. మీరు చదివింది అబద్ధం కాదు, కొత్త విషయం కూడా కాదు. వెలుతురు తగిలితే విషంలా పనిచేసే రంగు పదార్థాలు ఉన్నాయని 1900లోనే జర్మనీలో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి సూక్ష్మజీవుల మీద గమనించాడు. దాన్ని ఇప్పుడు ఫొటోడైనమిక్ థెరపీ అంటున్నాం. మందు ఒక్కటే ఉంటే ఏమీ కాదు, లైట్ ఒక్కటే వేసినా ఏమీ కాదు, మందు చేరిన కణం మీద సరైన రంగు లైట్ పడితే అక్కడున్న ఆక్సిజన్ చురుకైన రూపంలోకి మారి ఆ కణాన్ని చంపుతుంది. ఫొటోఫ్రిన్ అనే మందుకి అన్నవాహిక క్యాన్సర్‌లో వాడటానికి 1995లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఎండకి చర్మం మీద వచ్చే క్యాన్సర్ ముందు దశ మచ్చలకి 1999 నుంచి ఏఎల్ఏ అనే పూత మందు, బ్లూ లైట్ వాడుతున్నారు. క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి లైట్‌కి స్పందించే రంగుని అతికించిన మందుకి జపాన్‌లో 2020లో అనుమతి ఇచ్చారు, అది తల, మెడ భాగాల్లో ఆపరేషన్ కుదరని, తిరగబెట్టిన క్యాన్సర్లకి. పరిశోధకుల పని మీద నాకు చాలా గౌరవం ఉంది, ఇంకా లోతుకి వెళ్లే లైట్, కణితికే అంటుకునే మందులు రావాలని నేనూ కోరుకుంటున్నాను.

కానీ అది ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూడండి. నోటి భాగాల క్యాన్సర్‌కి యూరప్‌లో అనుమతి ఉన్న టెమోపోర్ఫిన్ అనే మందుంది, మామూలు వైద్యాలు ఫలించని ముదిరిన కేసులకి. ఒంటి బరువు కిలోకి 0.15 మిల్లీగ్రాముల లెక్కన నరానికి ఇచ్చి, నాలుగు రోజులు ఆగి, సరిగ్గా 652 నానోమీటర్ల రెడ్ లేజర్ వెలుతురుని పుండు మీద, చుట్టూ కొంచెం మంచి భాగం మీద 200 సెకన్లు వేస్తారు. పక్కన ఆరోగ్యంగా ఉన్న చోట వెలుతురు పడకుండా కప్పి ఉంచుతారు. తర్వాత రెండు వారాల పాటు ఎండలోకి రాకుండా, ఇంట్లో లైటు కూడా కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటూ ఉండాలి, మామూలు సన్‌స్క్రీన్ కూడా అక్కడ కాపాడదు, ఎందుకంటే చర్మాన్ని కాల్చేది కంటికి కనిపించే వెలుతురే. ఇన్ని లెక్కలున్న వైద్యాన్ని ఇంట్లో ఎల్ఈడీ బల్బుతో, గాఢత తెలియని రంగుతో చేస్తే పైపైన కొంత ఎండినట్టు కనిపించి లోపల రోగం అలాగే ఉండిపోవచ్చు. పుండు తగ్గుతోంది అనుకుని మీరు ఇంకో రెండు నెలలు ఆగితే? నా అసలు భయం అదే.

ఇంకో మాట, మీరు లైట్ వైద్యమే కావాలనుకున్నా బయాప్సీ తప్పదు. రెడ్ లైట్ ఒంట్లోకి దిగేది కొన్ని మిల్లీమీటర్లే, బ్లూ లైట్ అయితే ఇంకా తక్కువ. నోటి క్యాన్సర్‌లో మొదటి దశ అంటే రెండు సెంటీమీటర్ల లోపు వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల లోపు లోతు. ఆ లోతు దాటాక పై నుంచి వేసే లైట్ చివరిదాకా చేరుతుందన్న నమ్మకం తగ్గిపోతుంది. అంటే ఆగేకొద్దీ మీరు ఎదురుచూస్తున్న వైద్యానికే నాన్నగారు దూరమవుతారు. ఒకవేళ క్యాన్సర్ అని తేలినా ఇంత చిన్న దశలో దొరికితే సాధారణంగా మొదటి వైద్యం ఆపరేషనే, దాని ఫలితాలు బాగుంటాయి, దాన్ని వదులుకుని ప్రయోగాల కోసం ఆగడం మంచిది కాదు. ట్రయల్స్‌లో చేరే అవకాశం ఉందేమో క్యాన్సర్ డాక్టర్‌నే అడగండి, అక్కడ కూడా వాళ్లు మొదట అడిగేది బయాప్సీ రిపోర్టే.

ఇన్ఫెక్షన్ల సంగతికొస్తే, పై పైన ఉండే వాటికి, అంటే చిగుళ్ల జబ్బు, కొన్ని చర్మం సమస్యలకి లైట్ వైద్యం వాడి చూస్తున్నారు. యాంటీబయాటిక్‌కి లొంగని బ్యాక్టీరియా కూడా దీనికి చావచ్చు, అందుకే అంత ఆశ. రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఇన్ఫెక్షన్‌కి ఇది బదులు కాదు. అయినా నాన్నగారిది ఇన్ఫెక్షన్ అని ఎవరు చెప్పారు? రెండు కోర్సుల డాక్సీసైక్లిన్ షాపులో అడిగి వేసేశారు, తగ్గలేదు, అక్కడైనా అనుమానం రావాల్సింది. ఆ మందు వల్ల ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా. ఇంట్లో ఇంకా మిగిలి ఉంటే వేయకండి.

అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు పుండు మీద రంగు, జెల్ ఏమీ పూయకుండా నోరు శుభ్రంగా కడిగించి తీసుకెళ్లండి, నీలం మరకుంటే చూసేవాళ్లకి పుండు అంచు సరిగ్గా తెలియదు. బీపీ మాత్రల చీటీ, ఎస్సిటాలోప్రామ్ స్ట్రిప్, ఆ మిథిలీన్ బ్లూ సీసా కూడా వెంట పెట్టుకోండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్ర ఏదైనా వాడుతుంటే బయాప్సీకి ముందే చెప్పండి, వాళ్లు ఆపమంటేనే ఆపండి, మీ అంతట మీరు ఆపొద్దు. నేను పేషెంట్‌ని చూడకుండా మీరు రాసినదాన్ని బట్టి చెప్తున్నాను, నాన్నగారిని చేత్తో పరీక్షించిన డాక్టర్ వేరేలా చెప్తే వాళ్ల మాటే వినండి. రిపోర్ట్ రాగానే అందులో ఏం రాశారో ఉన్నది ఉన్నట్టు టైప్ చేసి మళ్లీ పంపండి, చూసి రాస్తాను.